తల కొలిచిన సంగతి

“ఈ పిల్ల తల ఒకనాడు టప్పున పగులుతది, చూస్తుండుండ్రి.”

అనసూయమ్మ ఈ మాట అన్ననాటికి పిల్లకు ఏ జబ్బూ లేదు. మెట్రిక్ పాసైన సౌభాగ్య, నాంపల్లి స్టేషను వెనకాల తమ ఇంటి వసారాలో చాప మీద కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. నుదుట చెమట పట్టిన మాట వాస్తవం. రోహిణి కార్తె కనుక గుమ్మం ముందు నిలిచిన జట్కా గుర్రానికి కూడా పట్టింది. అయితే గుర్రం లెక్కలు చేయదు. అందుచేత దాని తల గురించి అనసూయమ్మకు దిగులు లేదు.

దిగులు పడడంలో ఆమె ఎంతో నియమం గల మనిషి. స్టేషనులో రైలు కూత వేస్తే పట్టాలు తప్పిందేమో అనుకునేది. వేయకపోతే డ్రైవరుకు ఏమైందో అనుకునేది. మెదడు విషయంలో మాత్రం ఆమెకు స్వానుభవం ఉంది. నాలుగో తరగతిలో ఉండగా తలనొప్పి అన్నందుకు, మెదడుకు వేడి చేసిందని పెద్దలు తేల్చి బడి మాన్పించారు. బడి మానినా తలనొప్పి తగ్గలేదు. చదువు మాత్రం పూర్తిగా తగ్గింది కనుక వైద్యం పనిచేసిందనే అందరూ సంతోషించారు.

ఈ పగులుడు మాట భర్త వామన్‌రావు చెవిన పడడంతో వచ్చింది చిక్కు. ఆయన గన్‌ఫౌండ్రీలో ఒక సర్కారీ దఫ్తరులో గుమాస్తా. వెనక ఆధారంగా జతకాగితం లేని కాగితం మీద ఇరవై రెండేళ్లుగా సంతకం చేసి ఎరగడు. పెళ్లిపీటల మీద శుభలేఖ చూపించాకే తాళి ముట్టుకున్నాడని గిట్టనివాళ్లు అంటారు గాని, అలా చూపించడంలో తప్పేముంది? సౌభాగ్య కాలేజీ దరఖాస్తు ఆయన సంతకం కోసం వారం రోజులుగా ఎదురుచూస్తోంది. శనివారం సాయంత్రం ఐదింటితో గడువు ముగుస్తుంది.

“ఇంట్లనే అభ్యంతరం వచ్చిందాయె. పిల్ల మెదడు తట్టుకుంటదని ఎవరన్న రాసియ్యాలె. జతకాయితం లేంది నేనెట్ల సంతకం పెడ్త?” అన్నాడాయన.

“అయ్యో, నేను ఊకె అన్న మాటండి గది.”

“ఊకె అన్నవని కూడ ఎవరన్న రాసియ్యాలె.”

సౌభాగ్య తల్లి వైపు ఒక్క చూపు చూసి, మళ్లీ పలక మీదికి వంగింది. ఆ చూపుతో అనసూయమ్మకు నిజంగానే తలనొప్పి వచ్చింది.

అదృష్టవశాత్తు ఆబిడ్స్‌లో గొడుగుల దుకాణం పైన అంతకు నెలరోజుల ముందే ‘నిఖిల దక్కన్ మస్తిష్క నాడీ ఆరోగ్య పరిశోధక సంఘం’ వెలిసింది. అధ్యక్షులు డాక్టర్ రూఫస్‌గారిది సికింద్రాబాదు. వియన్నాలో చదివి వచ్చిన ఒకాయనతో ఆయన కాజీపేట దాకా ఒకే రైలుపెట్టెలో ప్రయాణం చేశారు. కార్యదర్శి ప్రహ్లాద్‌గారికి అధ్యక్షుల ప్రతి మాటనూ రాసుకోవడమే పరిశోధన. సంఘానికి సర్టిఫికెట్లు కావలసినన్ని ఉన్నాయి. తలలే కరువు. కిందికి గొడుగుల కోసం వచ్చేవాళ్లెవరూ పైకి తల ఇవ్వడానికి రావడం లేదు. అందువల్ల తల్లీకూతుళ్లు మెట్లెక్కి వచ్చిన మంగళవారం నాడు సంఘం వారు లేచి నిలబడి ఆహ్వానించారు.

పరాయి మగవాళ్లు ఇనుప సామాను తగిలిస్తే తల ఇంకా వేడెక్కుతుందని భయపడి, అనసూయమ్మ పిల్ల తలకు పొద్దున్నే గిద్దెడు ఆముదం పట్టించింది. బయలుదేరేముందు అనుమానం తీరక ఇంకో గిద్దెడు పట్టించింది.

“అమ్మగారూ, మీకు కలలు వచ్చునా?” అని మొదలుపెట్టారు రూఫస్‌గారు.

“నిద్ర పడ్తే గద సారు కలలు.”

“నిద్ర ఎందుకు పట్టదు?”

“నిద్ర పడ్తదో లేదో అని ఫికరు.”

“అద్భుతం. నరములలో ప్రశ్నే జవాబును మింగివేయుచున్నది. రాసుకొనుడు, ప్రహ్లాద్‌గారూ.”

ప్రహ్లాద్‌గారు రాసుకున్నారు. పిల్ల నరాల గురించి తల్లిని నలభై ప్రశ్నలు అడిగాక, పిల్లను ఏమీ అడగకుండా తల కొలవడానికి సిద్ధపడ్డారు. మిఠాయి దుకాణంలో జిలేబీలు తీసే చిమటా ఉంటుందే, దాన్ని ఇత్తడితో చేసి రెండు కాళ్లూ వంచితే వారి తల కొలిచే పరికరమవుతుంది. నడినెత్తి దగ్గర బిగిస్తే అయిదంగుళాలు వచ్చింది.

“పదిహేడు పంతొమ్మిదులు ఎంత?”

“మూడువందల ఇరవై మూడు.”

మళ్లీ కొలిచారు. ఆముదం మీద చిమటా కాస్త కిందికి జారి, తల వెడల్పుగా ఉన్నచోట ఆగింది. అయిదుముప్పావు. రూఫస్‌గారి కనుబొమలు లేచాయి. ఇంకో లెక్క అడిగి కొలిస్తే ఆరున్నర.

“సార్, నూనెకు జారుతున్నది,” అంది సౌభాగ్య.

“పరీక్షలో ఉన్న తల మాట్లాడరాదు,” అన్నారు ప్రహ్లాద్‌గారు. నోటుపుస్తకంలో మాత్రం ‘మధ్య మధ్య సంబంధం లేకుండా పలవరించుచున్నది’ అని రాశారు.

మూడో లెక్క తర్వాత చిమటా చెవుల దాకా దిగి, చెవులనూ వాటికున్న కమ్మలనూ కూడా కలుపుకొని ఏడుంబావు చూపించింది. అనసూయమ్మ అంతా చూస్తూనే ఉంది. కాని ఇత్తడి పనిముట్టు పట్టుకున్న పెద్దమనుషులకు, నాలుగో తరగతి ఆడమనిషి జారుడు గురించి ఏం చెబుతుంది? పైగా జారడం కూడా ఏదైనా జబ్బేమోనని ఆమె భయం.

ఆ విధంగా ‘గణిత శిరోవృద్ధి సిద్ధాంతం’ వెలువడింది. లెక్కకు ముప్పావంగుళం చొప్పున, ఇంటర్మీడియట్‌లోని వేయి లెక్కలూ పూర్తయ్యేసరికి బాలిక తల అరవై రెండున్నర అడుగులకు పెరుగుతుందని సంఘం గుణించింది. గుణించేటప్పుడు తమ తలలు ఎందుకు పెరగలేదన్న ప్రశ్న వారికి రాలేదు. ప్రశ్నలు రావడం కూడా నరాల దోషమే కదా. ‘ఈ బాలిక శిరస్సు పెరుగుచున్నదని ధ్రువపరచడమైనది’ అని మొహరు వేసి ఇచ్చారు.

వామన్‌రావు ఆ కాగితాన్ని కళ్లకద్దుకున్నంత పని చేశాడు.

“మంచి కాయితం. మొహరు కూడ గుండ్రంగ పడ్డది. అయితే ఉల్టా ఉన్నది. దీన్ని జతజేసి వద్దని రాయాలె.”

సౌభాగ్య ఆ పూట అన్నం తినలేదు. చదవలేదు కూడా. గోడకు వీపు ఆనించి ఖాళీ పలక ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పిల్ల చదవకుండా ఉంటే తన గుండె నెమ్మదిస్తుందని పదేళ్లుగా అనుకుంటున్న అనసూయమ్మకు, ఎందుకో ఆ రోజు అలా జరగలేదు.

నిజాం సర్కారు దఫ్తర్లకు శుక్రవారం సెలవు కనుక సంఘం వారు ఆబిడ్స్‌లో ఒక హాలులో బహిరంగసభ పెట్టారు. దఫ్తర్ల పెద్దలందరూ వచ్చారు. ఆడవాళ్లను తెర వెనక కూర్చోబెట్టారు. సౌభాగ్యను వేదిక మీద స్టూలు మీద కూర్చోబెట్టి, కదలవద్దని చెప్పారు.

“మహాజనులారా,” అన్నారు రూఫస్‌గారు. “స్త్రీ మస్తిష్కము లేత సొరపిందె వంటిది. నీరు పోసిన పెరుగును, లెక్క పోసిన ఉబ్బును. మన కాలేజీ గేటు వెడల్పు పద్నాలుగు అడుగులే. గేటు వెడల్పు చేయించవలెనని సర్కారువారికి అర్జీ పెట్టవచ్చును. కాని ఖర్చు లేని ఉపాయము మరొకటి ఉన్నది. పీపాలకు వేయు ఇనుపపట్టీని ఈ బాలిక తలకు నలభై దినములు బిగించి ఉంచెదము.”

సభ చప్పట్లు కొట్టింది. తెర వెనక అనసూయమ్మ మనసులో అప్పటికే పట్టీ తుప్పు పట్టింది, పుండు పడింది, జ్వరం వచ్చింది, పిల్లను దవాఖానలో చేర్చారు, మంచం దొరకలేదు. ఆమె తెరను ఒక పక్కకు లాగింది.

“సారు, జర ఆగుండ్రి. నా బిడ్డ తల పెరగలే. నేను రెండు గిద్దెల ఆముదం పెట్టిన. మీ చిమటా జారింది, గంతే.”

“ఆధారమేమి?” అన్నారు ప్రహ్లాద్‌గారు.

“సీసా తెచ్చిన.” సభలో ఎవరి తలైనా వేడెక్కవచ్చని ఆమె ముందుజాగ్రత్తగా సంచిలో పెట్టుకొచ్చింది. “మీ పెద్దసారు తలకు పెట్టి కొలువుండ్రి.”

పరిశోధనకు వెనుదీయడం రూఫస్‌గారి స్వభావం కాదు. తల వంచారు. సీసా ఖాళీ అయింది. కొలిస్తే మొదట ఆరు వచ్చింది, తర్వాత ఆరున్నర, ఆ తర్వాత చెవుల దగ్గర ఎనిమిది. హాలంతా లేచి నిలబడింది. అధ్యక్షులవారు ఒక్క లెక్కైనా చేయలేదని అందరికీ తెలుసు. అయినా తల పెరిగింది.

సంఘం అక్కడికక్కడే తీర్మానాలు చేసింది. తల పెరగడానికి కారణం లెక్కలు కావు, ఆముదం. ఆ పెరుగుదల బాలికలలో వ్యాధి, పెద్దలలో వికాసం. బాలికకు ఇచ్చిన సర్టిఫికెట్టు రద్దు. చిమటా జారిందని మహిళామణి ఒకరు చేసిన మనవిని సభ సానుభూతితో ఆలకించి, మినిట్సులో ఎక్కించకుండా విడిచిపెట్టింది.

శనివారం పొద్దునకు ఆబిడ్స్ నుంచి నాంపల్లి దాకా ఏ దుకాణంలోనూ చుక్క ఆముదం లేదు. దఫ్తర్లలో టోపీలు తలల మీద నిలవలేదు. కాగితాలు చేతుల్లో నిలవక ఈ బల్ల నుంచి ఆ బల్లకు జారిపోయాయి. వామన్‌రావు దఫ్తరులో ఫైళ్లు అంత వేగంగా కదలడం అదే మొదటిసారి అని పాతవాళ్లు చెప్పుకున్నారు.

మధ్యాహ్నం మూడింటికే ఆయన ఇంటికి వచ్చేశాడు. షేర్వానీ కాలరు మీదికి ఆముదం కారుతోంది.

“ఏమే, పట్కారు తీస్కరా. జర నా తల కొలువు. పొద్దున నూనెకు ముందు అయిదుముప్పావు ఉండె. మా దఫ్తరు పెద్దసాబుది అంగుళమున్నర పెరిగిందట. నాదెంతనో చూడు.”

గిన్నెలు దింపే పట్కారు, పిల్ల జామెట్రీ పెట్టెలోని స్కేలు పట్టుకుని అనసూయమ్మ వెనక నిలబడింది.

“రద్దయిన సర్టిఫికెట్టు జతచేయనీకె రాదు గద. మరి దరఖాస్తు సంగతేందండి?”

“జతకాయితం ఏది?”

“మీ పెద్దసాబు జతకాయితం అడుగుతడా?”

ఆయన ఆలోచించాడు. “అడగడు. తల పెద్దదైనోడు తనకు తోచినట్టు సంతకం పెడ్తడు. ఔ, నా తల కూడ పెరిగి ఉంటే ఇప్పుడే పెడ్త. ఎంతున్నదో చెప్పు.”

గిన్నెలు దింపే ముందు పట్కారు తుడవడం ఆమెకు అలవాటు. ఆ అలవాటు కొద్దీ పట్కారు కొసలనూ, ఆయన కణతలనూ కొంగుతో శుభ్రంగా తుడిచి కొలిచింది. పట్కారు జారలేదు. అయిదుముప్పావు.

“ఎంతనే?”

ఆమె స్కేలు ఇంకోసారి చూసుకుంది. అబద్ధం చెబితే ఈయన దఫ్తరులో చెప్పుకుంటాడు, పెద్దసాబు మళ్లీ కొలిపిస్తాడు, ఉద్యోగం పోతుంది, ఇల్లు ఖాళీ చేయాలి. నిజం చెబితే ఏమీ జరగదు. ఎప్పటికీ ఏమీ జరగదు. నాలుగో తరగతి తర్వాత తనకు జరిగింది అదే.

చాప మీద బలపం చప్పుడు ఆగిపోయింది. సౌభాగ్య తలెత్తలేదు. స్టేషనులో రైలు కూత వేసింది. అది పట్టాల మీదే ఉందో లేదో అనసూయమ్మ ఆలోచించలేదు. గోడ గడియారం మూడున్నర కొట్టి ఊరుకుంది.

“ఏమే, మాట్లాడవేంది?” అన్నాడు వామన్‌రావు మెడ తిప్పకుండా. తిప్పితే కొలత తగ్గుతుందేమోనని ఆయన భయం.

ఆమె పట్కారు కింద పెట్టింది. తర్వాత దరఖాస్తు తెచ్చి ఆయన ముందు పరిచి, కలం సిరాలో ముంచి చేతికిచ్చింది.

“రెండంగుళాలు పెరిగిందండి. మీ పెద్దసాబు కన్న అరంగుళం ఎక్కువే. సంతకం గీడ పెట్టుండ్రి.”