హోల్మియం రంగు

ఆ ఉదయం మీర్‌పేట్‌లో బస్సెక్కేటప్పుడు కెమిస్ట్రీ కాంట్రాక్టు లెక్చరర్ రత్నాకర్ పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికల్లా ఇబ్రహీంపట్నం కాలేజీకి చేరాలి. హోల్మియం అనే అరుదైన లోహంతో నిన్న తయారుచేసిన క్లోరైడ్ స్ఫటికాలను బల్లమీద పెట్టాలి. పదకొండున్నరకు వచ్చే ఎగ్జామినర్‌కు చూపించాలి. ఆయన ఒక మంచి మాట రాస్తే కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగిస్తామని ప్రిన్సిపాల్ చెప్పింది. రాయకపోతే ఏమవుతుందో చెప్పలేదు. చెప్పనివాటి గురించి ఆలోచించడంలో రత్నాకర్‌ది చిన్నప్పటి నుంచీ అందెవేసిన చెయ్యి.

కాలేజీ ముందు నుంచి పోయే సాగర్ రోడ్డు దుమ్ముకు భయపడి ల్యాబు కిటికీలు ఎప్పుడూ మూసే ఉంచుతారు. అతను ట్యూబ్‌లైట్లు వేసి, బీరువాలోంచి గిన్నె తీశాడు. నిన్న సాయంత్రం వరండాలో నిలబడి చూసినప్పుడు లేత పసుపుగా ఉన్న స్ఫటికాలు ఇప్పుడు గులాబీ రంగులో ఉన్నాయి.

ముందు తన కళ్లను అనుమానించాడు. తర్వాత తన చదువును. చివరికి, కాస్త కుదుటపడ్డాక, అటెండర్ ఎల్లేష్‌ను.

"ఎల్లేషన్నా, గిన్నె ముట్టినవా?"

"గిన్నెను ముట్టలె సార్. మూతనే ముట్టిన. జర గాలి తగులుతదని తీసి పెట్టిన."

"దానికి గాలెందుకే?"

"బీరువాల ఉక్కపోస్తది గద సార్."

రత్నాకర్ స్టూలు మీద కూలబడ్డాడు. ఆ క్లోరైడ్‌కు గాలిలో తేమ దొరికితే చాలు, తాగేస్తుంది. చెడిపోయిందని తీర్మానించి మళ్లీ మొదలుపెట్టాడు. సీసాలో మిగిలిన ఆక్సైడ్ పొడిని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించి, సన్నని వేడిమీద నీరు ఇగిర్చి, చల్లార్చాడు. స్ఫటికాలు కట్టాయి. అవీ గులాబీయే.

"ఈసారి మూత గూడ ముట్టలె," అన్నాడు ఎల్లేష్.

రెండుసార్లూ ఒకే రంగు వచ్చిందంటే తప్పు తనది కాదు. ఆ ఆలోచన రత్నాకర్‌కు ఎంత హాయినిచ్చిందంటే, దాన్ని ఇక పరీక్షించబుద్ధి కాలేదు. తప్పు రికార్డులదే. ఆ కాలేజీలో సీనియర్ల రికార్డు చూసి, ప్రయోగం చేయకముందే పరిశీలనలు రాసుకోవడం ఆనవాయితీ. అప్పటికి ల్యాబుకు వచ్చిన ఇరవై ముగ్గురు విద్యార్థుల రికార్డుల్లోనూ 'లేత పసుపు' అని గుండ్రటి అక్షరాల్లో ఉంది.

"కొట్టేయుండ్రి. గులాబీ అని రాయుండ్రి," అన్నాడు.

"సార్, మా అక్క రికార్డుల గూడ పసుపనే ఉన్నది," అంది నుస్రత్ అనే విద్యార్థిని. "ఆమెకు డిస్టింక్షన్ వచ్చింది."

"మీ అక్క కండ్లతోని చూసిందా?"

"చూసింది సార్. వాళ్ల సీనియర్ రికార్డు."

ఇరవై మూడు గీతలు పడ్డాయి. అంతలో కరెంటు పోయింది. ఎల్లేష్ కిటికీలు బార్లా తెరిచాడు. ఎండ బల్లమీద పడింది. గిన్నెలో స్ఫటికాలు ఏమీ ఎరగనట్టు లేత పసుపుగా మెరిశాయి.

"సార్," అంది నుస్రత్ మెల్లగా, "మా అక్కనే కరెక్టు."

"గులాబీ కొట్టేయుండ్రి. మళ్ల పసుపని రాయుండ్రి," అన్నాడు రత్నాకర్.

ఆ సిరా ఆరకముందే ఎగ్జామినర్ దివాకర్ వచ్చాడు. ఆయన వెనకే కరెంటూ వచ్చింది. పెద్దమనిషికి ఎండ తగలకూడదని ఎల్లేష్ కిటికీలు మూశాడు. స్ఫటికాలు గులాబీ అయ్యాయి.

దివాకర్ గిన్నెను చూశాడు. నాలుగు రికార్డులు తిరగేశాడు. ప్రతిదాంట్లోనూ రెండేసి కొట్టివేతలు.

"ఇదేందయ్యా?"

అబద్ధం చెప్పడానికి రత్నాకర్ దగ్గర రంగులేవీ మిగల్లేదు. "ముందుగాల పసుపు కనబడ్డది సార్. తర్వాత గులాబీ. మళ్ల పసుపు. నాకైతే సమజైతలేదు."

దివాకర్ ఒక కిటికీ తెరిచి గిన్నెను అక్కడికి తీసుకెళ్లాడు. వెనక్కి తెచ్చాడు. మళ్లీ తీసుకెళ్లాడు. ఆయన ముఖం చిన్నపిల్లాడిదైంది.

"ఎండకు పసుపు, ట్యూబ్‌లైటుకు గులాబీ. హోల్మియం గుణమే గది. పదహారేండ్ల సంది రికార్డులు దిద్దుతున్న, అన్నీ అచ్చు గుద్దినట్టే ఉంటయి. చూసింది చూసినట్టు రాసి, కొట్టేసి, మళ్ల చూసి రాసిన పిల్లలను ఇయ్యాలనే చూస్తున్న."

ఆ కొట్టివేతలు తాను చెప్పి చేయించినవేనన్న నిజం చెప్పేద్దామని రత్నాకర్ నోరు తెరిచాడు. ఎల్లేష్ చాయ్ గ్లాసు అందించాడు. రత్నాకర్ చాయ్ తాగాడు.

దివాకర్ ఒకటి కాదు, మూడు మంచి మాటలు రాశాడు. కాంట్రాక్టు పొడిగింపు కాగితం వారంలో వచ్చింది.

మరుసటి ఏడాది బ్యాచ్ రికార్డుల్లో ఆ రెండు కొట్టివేతలూ, ప్రయోగానికి ముందురోజే, స్కేలు పెట్టి గీసి ఉన్నాయి.