భద్రతకు తొంభై ఆరు మార్కులు

పక్కింట్లో ఎవరున్నారో తెలియని వీధిలోనే ఇల్లు తీసుకోండి. ఎదురింటివాడి పేరు పొరపాటున తెలిసిందా, ఆ రోజే సామాను సర్దేసుకోండి!

నవ్వకండి. నేను సరదాకి చెప్పడం లేదు. ఇరవై రెండేళ్లు ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున గోడౌన్లు తనిఖీ చేసిన అనుభవంతో చెబుతున్నాను. గోడ ఎత్తెంత, తాళాలెన్ని, కెమెరాలెన్ని, మనుషుల రాకపోకలెంత? ఈ నాలుగూ చూసి నూటికి మార్కులు వేయడమే నా ఉద్యోగం. మొదటి మూడూ ఎంత ఎక్కువుంటే అంత క్షేమం. నాలుగోది ఎంత తక్కువుంటే అంత క్షేమం. నా సర్వీసు మొత్తంలో నూటికి నూరు తెచ్చుకున్న గోడౌను ఒక్కటే. అది మూతపడిన కంపెనీది. లోపల సరుకు కూడా లేదు.

అలాంటివాణ్ని ఇల్లు వెతకమంటే ఎలా వెతుకుతాడో ఊహించుకోండి.

మేముంటున్న బిల్డింగును పడగొట్టి కొత్తది కడతారట. నెలాఖరుకల్లా ఖాళీ చేయమని నోటీసు అంటించారు. మేం ఎక్కడ మనసు మార్చుకుంటామోనని లిఫ్టు అప్పుడే ఆపేశారు కూడా.

మా ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే. "గదులు చిన్నవైనా సర్దుకుంటాను. వంటిల్లు ఇరుకైనా నోరెత్తను. పిల్ల రాత్రి ఎనిమిదింటికి బస్సు దిగి ఇంటికి నడిచి రావాలి. ఆ నడక చూసి రండి. అంతే."

మా అమ్మాయి ఒక ల్యాబులో రక్తం శాంపిల్స్ పరీక్షిస్తుంది. మధ్యాహ్నం షిఫ్టు. పోయిన నెలలో ఒకడు బస్ స్టాపు నుంచి మా గేటు దాకా తన వెనకాలే వచ్చాడు. ఏమీ అనలేదు, ఏమీ చేయలేదు. పిల్ల ఆగితే ఆగాడు, నడిస్తే నడిచాడు. ఈ సంగతి నాకు పది రోజుల తర్వాత, అదీ మా ఆవిడ నోటి వెంట తెలిసింది. నాకెందుకు చెప్పలేదని అడిగితే తల్లీకూతుళ్లిద్దరూ మొహాలు చూసుకున్నారు. నేనూ రెట్టించలేదు.

అప్పటి నుంచి పిల్ల బస్సు దిగగానే తాళంచెవిని వేళ్ల మధ్య కత్తిలా పట్టుకుని నడుస్తోంది. "కొత్త చోట కూడా ఇలాగే నడవాలంటే నేను మానేస్తాను నాన్నా" అంది. కొత్తగా చేరినవాళ్లకు ఆ ల్యాబులో పొద్దుటి షిఫ్టు ఇవ్వరు. షిఫ్టు మానడమంటే ఉద్యోగం మానడమే. రెండుసార్లు పరీక్ష తప్పి, మూడోసారి రాసి తెచ్చుకున్న ఉద్యోగం!

నిజానికి మారాల్సింది ఆ వెంటపడ్డవాడు. కానీ వాడి అడ్రసు మా దగ్గర లేదు. మా అడ్రసు మా దగ్గరే ఉంది. అందుకని మేమే మారుతున్నాం.

నేను నా పాత తనిఖీ ఫారాలు జిరాక్స్ తీయించుకుని రంగంలోకి దిగాను.

ముందు మా బావమరిది ఉండే కాలనీకి వెళ్లాను. అబ్బ, ఏం కాలనీ! పదడుగుల గోడలు. గోడల మీద గాజు పెంకులు. పెంకుల మీద ముళ్లకంచె. కంచె మీద కెమెరా. ఆ కెమెరాను ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని దానివైపు తిరిగి మరో కెమెరా. కార్లు వస్తాయి, గేట్లు వాటంతటవే తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. బెల్లు నొక్కితే గోడలోంచి గొంతు వస్తుంది, మనిషి రాడు. మూడు మధ్యాహ్నాలు తిరిగాను. ఒక్క మనిషి మొహం కనిపిస్తే ఒట్టు!

"మా కాలనీలో చీమ చిటుక్కుమన్నా గ్రూపులో ఫొటో వచ్చేస్తుంది బావా! మొత్తం మూడొందల నలభై మంది మెంబర్లం" అన్నాడు మా బావమరిది.

"వాళ్లందరూ నీకు తెలుసట్రా?"

"తెలియడమెందుకు బావా? గ్రూపులో ఉన్నారుగా!"

ఎంత అదృష్టమో చూడండి! అక్కడ ఎవరూ మీ తలుపు తట్టి చిటికెడు ఉప్పు అడగరు. మీ అమ్మాయికి పెళ్లెప్పుడని ఆరా తీయరు. మీరు జ్వరంతో వారం రోజులు మంచం దిగకపోయినా ఎలా ఉందని అడిగి విసిగించరు. పోయినా విసిగించరు. ఇంతకంటే ప్రశాంతత ఇంకెక్కడ దొరుకుతుంది?

తొంభై ఆరు మార్కులు వేశాను. ఆ నాలుగూ ఎందుకు తగ్గించానంటే, ఒక గేటు బయట చెప్పుల జత కనిపించింది. చెప్పులున్నాయంటే ఎక్కడో మనిషి ఉన్నట్టే కదా!

ఆ తర్వాత మా ఆవిడ ఎవరినో కనుక్కుని ఒక సందు అడ్రసు ఇచ్చింది. వెళ్లాను. చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది. సందు మొదట్లో సైకిలు రిపేరు షాపు, దాని పక్కన మంగలి షాపు, ఎదురుగా ఒకావిడ నడిపే టైలరింగ్ షాపు. ఆ షాపు పైనే మాకు చూపించిన ఫ్లాటు. కాంపౌండు గోడ లేదు. కింది తలుపు మూసుకోకుండా ఇటుక అడ్డం పెట్టారు. ఉన్న ఒక్క కెమెరా మంగలి షాపు గుమ్మం మీద ఉంది. దాని వైరు ఎక్కడికీ వెళ్లడం లేదు. బాల్కనీల్లోంచి ఆడవాళ్లు సందుకు అడ్డంగా కబుర్లు చెప్పుకుంటున్నారు. మనుషుల రాకపోకలు రెండొందల దాకా లెక్కపెట్టి వదిలేశాను.

పది నిమిషాల్లో ముగ్గురు నన్ను ఎవరు కావాలని అడిగారు. నాలుగో ఆయన నా బూటు లేసు ఊడిందని చెప్పాడు. అపరిచితుడి కాళ్ల దాకా పోతున్నారంటే, ఇంక ఆ వీధిలో సొంత విషయం అనేది మిగులుతుందా?

పదకొండు మార్కులు. అవీ ఆ ఇటుక బరువు చూసి వేశాను.

ఇంటికొచ్చి రెండు ఫారాలూ బల్ల మీద పెట్టాను. మా ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చదివింది.

"మార్కులు సరే. నడక ఏదీ?"

"నడకకి ఈ ఫారంలో గడి లేదే!"

"లేకపోతే గీసుకోండి."

గీశాను. దాంతోపాటు ఒక పద్ధతి కూడా కనిపెట్టాను. ఎనిమిదింటికి పిల్ల బస్సు దిగి మామూలుగా నడుస్తుంది. నేను ఇరవై అడుగుల వెనక ఫారం పట్టుకుని, చలికి టోపీ పెట్టుకుని నడుస్తాను. ఎన్ని నిమిషాలు, ఎన్ని దీపాలు, ఎన్ని మలుపులు అన్నీ రాసుకుంటాను. పిల్ల ఆగితే నేనూ ఆగాలి. లేకపోతే దూరం మారి లెక్క తప్పుతుంది.

ఇందులో లోపమేమిటో మీకు ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. నాకు తట్టలేదు. గోడౌన్లు నడవవు కదా!

సోమవారం బావమరిది కాలనీ. ఏడు నిమిషాల నడక. ముప్ఫై ఒక్క దీపాలు, అన్నీ వెలుగుతున్నాయి. సగం దూరం వెళ్లేసరికి ఒక ఇంట్లో కింది లైటు ఆరింది. ఆ పక్కింట్లో కర్టెన్ పడింది. గడియలు వేస్తున్న చప్పుడు వరసగా వినిపించింది. 'నివాసులు మిక్కిలి అప్రమత్తులు' అని రాసుకుని ఇంకో మార్కు కలిపాను. తొంభై ఏడు!

మధ్యలో పిల్ల ఒక గేటు దగ్గర ఆగి బెల్లు నొక్కింది. ఇది మా ప్లానులో లేదు. ఏం మాట్లాడిందో నాకు వినబడలేదు. ఇల్లు చేరాక తనే చెప్పింది.

"'నా వెనకాల ఎవరో వస్తున్నారండీ, కాస్త గేటు తీస్తారా' అని అడిగాను నాన్నా."

"ఏమన్నారు?"

"'ఉండమ్మా, కెమెరాలో చూస్తాం' అన్నారు. చూశారు. 'నిజమేనమ్మా, వస్తున్నాడు. జాగ్రత్తగా వెళ్లు తల్లీ' అన్నారు."

ఇంతలో ఫోను మోగింది. బావమరిది.

"బావా, అర్జెంటు! అమ్మాయిని మా వైపు పంపకు. ఎవడో వెధవ టోపీ పెట్టుకుని, చేతిలో కాగితాలతో ఒక ఆడపిల్ల వెనకాల తిరుగుతున్నాడు. గ్రూపంతా గగ్గోలుగా ఉంది. ఫొటో పంపాను చూడు. చూస్తేనే తెలిసిపోతోంది, కరుడుగట్టిన వెధవని!"

"మొహం కనిపిస్తోందట్రా?"

"వీపు కనిపిస్తోంది. వీపు చూసినా తెలుస్తుంది బావా!"

"ఆ పిల్ల కోసం ఎవరైనా బయటికొచ్చారా?"

"అలాంటివాడు తిరుగుతుంటే బయటికెలా వస్తాం? అందరం తలుపులేసుకున్నాం. అందరికన్నా ముందు నేనే వేశాను. యాభై మంది టేక్ కేర్ అని కూడా పెట్టారు."

"ఒరేయ్, ఆ టోపీ నా పుట్టినరోజుకి నువ్వు కొనిచ్చిందే. ఆ పిల్ల నీ మేనకోడలు."

వాడి గొంతు సన్నబడింది. "గ్రూపులోంచి తీసేయమంటాలే బావా. ఫొటో."

మంగళవారం పదకొండు మార్కుల సందు. అదే టోపీ, అదే ఇరవై అడుగులు. పద్ధతంటే పద్ధతే! సందులోకి తిరిగి నలభై అడుగులు వేశామో లేదో, సగం గడ్డం గీసి, మిగతా సగం నురగతో ఉన్న మనిషిని అలాగే కుర్చీలో వదిలేసి మంగలి బయటికొచ్చాడు. సైకిళ్లాయన పంపు కింద పెట్టాడు. టైలరమ్మ మెడలో టేపుతో, చేతిలో కత్తెరతో వచ్చి నాకు అడ్డంగా నిలబడింది.

"ఏమయ్యో పెద్దమనిషీ, ఆగక్కడ! ఆ పిల్ల ఆగితే ఆగుతున్నావు, నడిస్తే నడుస్తున్నావు. ఏంటి కథ?"

"ఏం లేదమ్మా. ఈ వీధి భద్రత పరీక్షిస్తున్నాను."

"పరీక్షిద్దువుగాని. ముందా స్టూలు మీద కూర్చో."

"అది మా అమ్మాయమ్మా!"

"దొరికినవాడు ప్రతివాడూ ఆ మాటే అంటాడు. అమ్మాయ్, ఇలా రా తల్లీ. భయపడకు, మేమున్నాంగా. ఈయన నీకు తెలుసా?"

పిల్ల వెనక్కి తిరిగింది. నన్ను చూసింది. కత్తెరను చూసింది. నురగతోనే గుమ్మంలోకి వచ్చి చోద్యం చూస్తున్న ఆ సగం గడ్డం మనిషిని చూసింది. నెల రోజుల తర్వాత మొదటిసారి ఫక్కుమని నవ్వింది.

"ఎక్కడో చూసినట్టే ఉందండీ. ఇంకాస్త గట్టిగా అడిగి చూడండి."

పంతొమ్మిది నిమిషాలు! ఒడిలో ఎవరిదో సగం కుట్టిన ప్యాంటుతో స్టూలు మీద కూర్చున్నాను. నా ఫారం చేతులు మారింది.

"మా కెమెరా పనిచేయదని రాశాడమ్మా! మా ఇంట్లోవాళ్లకే తెలియదు, వీడికెలా తెలిసింది?" అన్నాడు మంగలి.

"నూటికి పదకొండా? చిన్నప్పుడు మా వాడికి కూడా ఇంత తక్కువ రాలేదు" అన్నాడు సైకిళ్లాయన.

చివరికి పిల్ల జాలిపడి వాళ్లమ్మకి ఫోను కలిపి టైలరమ్మకి ఇచ్చింది. మా ఆవిడ గొంతు నాకూ వినబడుతోంది. "మా ఆయనేనండీ. పాపం, మంచివాడే. తొందరేం లేదు, ఇంకో పది నిమిషాలు ఉంచుకోండి."

అప్పుడు చూశాను పిల్ల చేతిని. అందులో తాళంచెవి లేదు. టైలరమ్మ ఇచ్చిన మంచినీళ్ల గ్లాసు ఉంది.

ఫారం అబద్ధమాడదు. తొంభై ఏడు తొంభై ఏడే, పదకొండు పదకొండే. కాబట్టి మీరందరూ కళ్లు మూసుకుని మా బావమరిది కాలనీలో చేరిపోండి. సామానుకి అంతకు మించిన చోటు లేదని రాసిస్తాను!

మేము మాత్రం ఆ సందులో, టైలరమ్మ నెత్తిన చేరాం. నా స్వేచ్ఛ మొత్తం పోయింది. చేతిసంచీతో బయల్దేరితే ఎక్కడికని అడుగుతారు. ఖాళీ సంచీతో తిరిగొస్తే ఏమైందని అడుగుతారు. టోపీ పెట్టుకున్న రోజు టైలరమ్మ కత్తెర దించదు. పిల్ల మాత్రం బ్యాగు ఊపుకుంటూ, దారిలో ముగ్గురితో కబుర్లాడుతూ ఐదు నిమిషాల దూరాన్ని ఇరవై నిమిషాలు నడిచి వస్తోంది. ఉద్యోగం మానే మాట మళ్లీ ఎత్తలేదు.

మొన్న బావమరిది ఫోను చేశాడు. వాళ్లమ్మాయి సాయంత్రం ట్యూషన్లో చేరిందట. కాసేపు నసిగాడు. "బావా, మీ సందులో ఫ్లాటేమైనా ఖాళీ ఉందా?"

దొరికాడు కదా అని కడిగేద్దామనుకున్నాను. అందరికన్నా ముందు తలుపేసుకున్నవాడివి నువ్వే కదరా అనబోయాను. అనలేదు.

ఎందుకంటే, పిల్ల వెంటపడ్డ ఆ మనిషి మా పాత ఇంటి గేటు దాకా వచ్చిన రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. కిటికీలోంచి వాణ్ని చూశాను కూడా. ఎవడో తేడాగా ఉన్నాడనుకుని, ఇరవై రెండేళ్ల అనుభవంతో తలుపు గడియ వేసి, సరిగ్గా పడిందో లేదో రెండోసారి లాగి చూసుకున్నాను.

నాకు తెలియదు, అప్పటికి పిల్ల మెట్ల మీదే ఉంది. బయట ఉండగానే గడియ చప్పుడు విన్నది.

నాకెందుకు చెప్పలేదని ఇంకెప్పుడూ అడగలేదు.

"ఇంతకీ చెప్పు బావా. ఖాళీ ఉందా, లేదా?"

"ఫ్లాటు సంగతి కనుక్కుంటాను. ముందొచ్చి స్టూలు మీద కూర్చోరా. అది మాత్రం ఖాళీగానే ఉంది."