అత్తగారి పరుగు

ఆ ఉదయం అల్లుడుగారి ప్రణాళిక చాలా చిన్నది. ఇంట్లో అత్తగారు చేతికి సెన్సరు పట్టీ కట్టుకుని తిరుగుతుంటారు. ఆఫీసులో తెరమీద అతని యాప్ ఆవిడ కూర్చున్నారో, నడుస్తున్నారో, పడిపోయారో చెబుతుంది. ఆపద అనిపిస్తే అయినవాళ్లకు తనే కబురు పెడుతుంది. మేనేజరు మెచ్చితే యాప్ బతుకుతుంది, లేకపోతే ఇన్నాళ్ల కష్టం చెత్తబుట్టకే.

“మీరేం ప్రత్యేకంగా చెయ్యక్కర్లేదు అత్తయ్యా. మీ మానాన మీరుండండి.”

“నాకొదిలెయ్ బాబూ. నీ పరువు నా చేతిలో ఉంది,” అన్నారావిడ పట్టీ చూపిస్తూ.

అదే కొంప ముంచింది. ఆవిడ మానాన ఆవిడుంటే రోజంతా కుట్టుమిషను ముందు కూర్చునే ఉంటారు. తెరమీద బొమ్మ కదలకుండా కూర్చుంటే అల్లుడి పరువేం కాను? అందుకని పట్టీ విప్పి మిషను పెడలుకు కట్టి, చక్కగా కుట్టుకోసాగారు.

తెరమీద బొమ్మ నడిచింది. అల్లుడు ఛాతీ విరిచాడు. బొమ్మ పరుగందుకుంది. ఛాతీ కాస్త తగ్గింది.

“మీ అత్తగారికి మోకాళ్ల నొప్పులన్నావే?” అన్నాడు మేనేజరు.

“ఉన్నాయండి. అవీ ఆవిడతోపాటే పరిగెడుతున్నట్టున్నాయి.”

ఇంతలో అక్కడ దారం తెగింది. పెడలు టక్కున ఆగింది. ‘పరిగెడుతూ పడిపోయారు’ అని యాప్ గగ్గోలు పెట్టి, ఆవిడ కూతురికీ, పైవాటా డాక్టరుకీ, పక్కింటి పహిల్వానుకీ కబుర్లు పంపేసింది. ఫోను చేస్తే ఆవిడ ఎత్తలేదు. సూదిలో దారం ఎక్కేదాకా దేవుడు పిలిచినా పలకరు మరి! అల్లుడు బల్లకింద విప్పిన బూట్లు మరిచి, మేజోళ్లతోనే పరుగెత్తాడు. వెనకాలే మేనేజరు.

వీళ్లు వెళ్లేసరికి గొళ్లెం ఊడి పహిల్వాను చేతిలో ఉంది. కూతురు తల్లిని వాటేసుకుని ఏడుస్తోంది. డాక్టరు నాడి వెతుకుతున్నాడు.

“చెయ్యొదలవయ్యా, దారం తప్పిపోతోంది!” అంటున్నారు అత్తగారు.

మేనేజరు పెడలుకున్న పట్టీ చూశాడు. “ఏమిటిది, కుట్రా?”

“కుట్ర కాదు సార్, కుట్టు,” అన్నాడు అల్లుడు నీరసంగా.

“నేను కదలకపోతే నీ బొమ్మనెవరు మెచ్చుకుంటారు బాబూ?” అన్నారావిడ.

అతనికి కోపం రావాలి. కానీ ఆవిడ పక్కనే నేలమీద చతికిలబడ్డాడు. “దారిలో నాకు యాప్ సంగతే గుర్తు రాలేదు అత్తయ్యా. మీరు బావున్నారు, అంతే చాలు.”

మేనేజరు గదినిండా ఉన్న జనాన్ని కాసేపు చూశాడు. “నీ సెన్సరుకి సెన్సు లేదు. కానీ ఎవర్ని పిలవాలో తెలుసు. మా అమ్మ ఒక్కతే ఉంటుందోయ్. దీనికి మనిషికీ పెడలుకీ తేడా నేర్పి, మొదటి పట్టీ ఆవిడకియ్యి.”

అత్తగారు గొళ్లెం ఊడగొట్టినందుకు పహిల్వానునూ, మేజోళ్లు మురికి చేసినందుకు అల్లుణ్నీ, పనులు మానుకుని తనకోసం పరుగెత్తుకొచ్చినందుకు అందరినీ కలిపి, కళ్లొత్తుకుంటూ గట్టిగా తిట్టి, కాఫీ పెట్టడానికి వంటింట్లోకి నడిచారు.

ఆ సమయంలో ఆవిడ గాఢనిద్రలో ఉన్నట్టు యాప్ నమోదు చేసుకుంది.