గీత లోపలి సామాను

ఆ శనివారం పటాలాయన చేయవలసిన పనులు మూడే. ఒక బకెట్టు కొనాలి, బల్ల మీద పెట్టుకునే దీపం ఒకటి కొనాలి, పదకొండింటికల్లా ఇల్లు చేరి కూతురి సామాను సర్దాలి. సాయంత్రం నాలుగింటికి వ్యాను వచ్చి సామాను పట్టుకెళుతుంది. మర్నాడు పొద్దున చిట్టిని బస్సులో తీసుకెళ్ళి కాలేజీ హాస్టల్లో దింపి రావాలి. ఆసుపత్రి మందుల కౌంటర్లో పనిచేసే భార్య డ్యూటీకి వెళుతూ ఈ మూడింటినీ చీటీ మీద రాసి, ఆ చీటీని ఆయన చొక్కా జేబులో పెట్టి, జేబు మీద ఓసారి తట్టి మరీ వెళ్ళింది. ఇరవయ్యేళ్ళ కాపురం నేర్పిన అనుమానం ఆ తట్టడంలో ఉంది.

అనుమానం ఊరికే రాలేదు. ఆయన సర్వే ఆఫీసులో పటాలు గీసే ఉద్యోగి. అందుకే వీధిలో అందరికీ పటాలాయన. వీధులూ కాలువలూ ఇళ్ళ హద్దులూ గీసీ గీసీ ఆయన చూపు ఎప్పుడూ కాస్త ఎత్తున, పిట్టలు తిరిగే చోట ఉంటుంది. ఎదురుగా నిలబడి మాట్లాడుతున్న మనిషిని కూడా నడినెత్తి మీదనుంచి చూస్తున్నట్టు చూస్తాడు. మంచివాడే కానీ పరధ్యానం జాస్తి.

టీ తాగుతూ ఆయన కాలేజీ నుంచి వచ్చిన కాగితాన్ని మళ్ళీ చదివాడు. దుప్పట్లు, దిండు, తాళం, బట్టల హ్యాంగర్లు అంటూ సాగిన జాబితా చివర చిన్న అక్షరాల్లో ఇంకో రెండు మాటలున్నాయి. గది పొడవు పన్నెండడుగులు, వెడల్పు పది, ఇద్దరికి. గదిలో ఉండబోయే రెండో అమ్మాయి తానుగా మిమ్మల్ని పలకరించవచ్చు. ఆయన కప్పు కింద పెట్టాడు. మంచమూ బల్లా అలమరా పోను ఎంత చోటు మిగులుతుందో తెలియకుండా, బకెట్టు ఎంతది కొనాలని?

సోఫా గోడకు జరిపి, టేపూ సుద్దముక్కా తీసుకుని ఆయన హాల్లో కూర్చున్నాడు. ఇరవై ఆరేళ్ళుగా ఆయన గీసిన పటాల్లో ఇల్లంటే గోరంత గడి. అందులో మనిషికి చుక్కంత చోటు కూడా ఉండదు. ఉన్నదాన్ని ఉన్నంత కొలతలో గీయడం అదే మొదటిసారి. గోడలు గీశాడు. తలుపు గీసి, అది తెరుచుకునే మేరకు ఒక వంపు గీశాడు. కిటికీ గీశాక దాని పక్కన కాసేపు కూర్చున్నాడు. గాలి వస్తున్నట్టే అనిపించింది. ఆ కిటికీ అవతల ఒక చెట్టు, చెట్టు కింద ఎవరిదో సైకిలు, మధ్యాహ్నం ఎండ పుస్తకం మీద పడితే కళ్ళు చికిలించి పేజీ తిప్పే కూతురు, అన్నీ ఆయనకు స్పష్టంగా కనిపించాయి. పుస్తకం ఏమిటో కూడా చదవబోతుండగా నిజం కూతురు వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"ఏంటి నాన్నా ఇది?"

"నీ గది."

చిట్టి దాన్ని ఈ చివరినుంచి ఆ చివరికి చూసింది. "ఇప్పట్నుంచే పంపించేశావన్నమాట" అంది మెల్లగా. ఆయన ఉత్తర దిక్కు బాణం గీస్తున్నాడు. ఆ మాట వినపడలేదు.

ఇక సామాను పట్టేదీ లేనిదీ చూడాలి. చిట్టి సగంలో కొత్త పరుపు, రెండో అమ్మాయి సగంలో ఇంట్లో ఉన్న పాత పరుపు వేశాడు. బల్ల కొలతకు సరిగ్గా సరిపోయేది ఇంట్లో కుట్టుమిషన్ ఒక్కటే. అది వచ్చింది. అలమర స్థానంలో పుస్తకాల అర నిలిచింది. చప్పుడు విని ఆయన తల్లి, చిట్టికి నాయనమ్మ, లోపలినుంచి వచ్చి సూటిగా గదిలో అడుగుపెట్టింది.

"అమ్మా, అది గోడ. తలుపు అటుంది."

ఆవిడ వెనక్కి తగ్గి, చుట్టూ తిరిగి, తలుపులోంచి వచ్చింది. కిటికీ దగ్గర నిలబడి, "ఇక్కడ బాగుంది. నా కుర్చీ ఇటు తెచ్చెయ్యి" అంది. పేము కుర్చీ వచ్చింది. కుర్చీ వెంట రేడియో వచ్చింది. భార్య ముందే సర్ది కట్టి ఉంచిన చిట్టి బట్టల పెట్టెలు రెండూ మాత్రం పడగ్గది గుమ్మంలోనే ఉన్నాయి. చోటు తేలాక తతిమ్మావన్నీ తీసేసి ఆఖరున ఆ రెండూ గీత లోపల పెట్టాలని ఆయన ఆలోచన. ఆ ఆలోచన ఆయన తలలో తప్ప ఇంకెక్కడా లేదు.

అప్పుడే వ్యాను వాళ్ళు ఫోన్ చేశారు. "ఏమేం ఎక్కించాలి సార్?"

"హాల్లో సుద్దగీత ఉంటుంది. గీత లోపల ఉన్నవన్నీ మీవి. గీత బయటవి ముట్టుకోకండి" అన్నాడు పటాలాయన. జీవితంలో ఇంత స్పష్టంగా ఎవరికీ ఏదీ చెప్పలేదని ఆయనకు తృప్తి కలిగింది.

పక్కింటి రిటైర్డ్ పోస్టుమాస్టరు పేపరు తిరిగివ్వడానికి వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. "ఏమిటండీ ఇదంతా?"

"గది. సగం ఒకమ్మాయికి, సగం ఇంకో అమ్మాయికి."

"పెద్దావిడ కూడా ఇందులోనేనా?"

"కిటికీ దగ్గర బాగుందట."

పోస్టుమాస్టరు పేపరు కుట్టుమిషన్ మీద పెట్టి ఆలోచిస్తూ వెళ్ళాడు. కూతురి చదువుకి పాపం హాలు కూడా అద్దెకిచ్చుకుంటున్నారన్న మాట. ముప్పయ్యేళ్ళు ఉత్తరాలు చేరవేసిన మనిషి, ఒక సంగతిని దగ్గర పెట్టుకుని కూర్చోలేడు. గంట తిరక్కుండా ఒక పెద్ద పెట్టెతో ఒకమ్మాయి గుమ్మంలో నిలబడింది. రైలు ప్రయాణపు బడలిక ముఖంలో తెలుస్తోంది.

"గది ఉందని చెప్పారండీ. మీ ఇల్లేనా?"

తానుగా పలకరించే రెండో అమ్మాయి ఈమేనని పటాలాయన ముఖం విప్పారింది. "రామ్మా. నీకోసమే చూస్తున్నాం. ఎప్పుడు చేరాలి?"

"సోమవారమండీ."

"మా అమ్మాయీ సోమవారమే. ఇదిగో, ఇది నీ సగం. ఇది తన సగం. కిటికీ మాత్రం ఉమ్మడి."

ఆ అమ్మాయి నేల వంక చూసింది, పైకి చూసింది. "గోడలుండవాండీ?"

"గోడలు అక్కడుంటాయమ్మా. కొలత మాత్రం ఇదే. అంగుళం తేడా రాదు."

"బాత్రూమ్?"

"వరండా చివర" అన్నాడాయన కాగితం చూసి. ఇంట్లోనూ అది అక్కడే ఉంది.

పొద్దుటినుంచి ఆమె మూడు గదులు చూసింది. ఒకదానికి కిటికీ లేదు, ఒకదానికి గడియ లేదు, మూడోదానికి పైన నీళ్ళట్యాంకు కారుతోంది. గోడలే లేనిది ఇదే మొదటిది. కానీ ఇంటివాళ్ళు మర్యాదస్తుల్లా ఉన్నారు. చిట్టి పరుపు మీదనుంచి లేచి నవ్వుతూ, "మీరు ఏ బ్రాంచి?" అని అడిగింది.

"మెయిన్ బ్రాంచి" అంది ఆమె. బ్యాంకులో కొత్తగా గుమాస్తా ఉద్యోగం వచ్చిందా అమ్మాయికి.

మెయిన్ అంటే తన బ్రాంచి కంటే గొప్పదై ఉంటుందనుకుని చిట్టి ఇంకేమీ అడగలేదు. బ్యాంకమ్మాయి పెట్టె తలదగ్గర పెట్టుకుని, కాస్త నడుం వాలుస్తానని పాత పరుపు మీద పడుకుంది. మరుక్షణం నిద్రపోయింది. మంచి గది అనడానికి అంతకంటే రుజువేం కావాలని పటాలాయన అనుకున్నాడు. అప్పుడు జేబులో చీటీ తగిలింది. టైము పన్నెండున్నర.

చిట్టిని వెంటబెట్టుకుని దుకాణానికి పరిగెత్తాడు. బకెట్టు రెండు నిమిషాల్లో అయిపోయింది. దీపం దగ్గరే ఆలస్యమైంది. ఆయన ఒక్కొక్కటే వెలిగించి, దాని కింద అరచెయ్యి పెట్టి చూస్తున్నాడు.

"ఈ వెలుతుర్లో చదువుకుంటుంటే ఇల్లు గుర్తొస్తుందంటారా?"

"చదివింది గుర్తుంటే చాలదాండీ?" అన్నాడు దుకాణదారు.

నాలుగింటికి రావలసిన వ్యాను ఒంటిగంటకే వచ్చింది. వచ్చిన ఇద్దరూ పనిమంతులు. గీత చూశారు, చెప్పింది చెప్పినట్టు లోపలివన్నీ ఎత్తడం మొదలుపెట్టారు. నాయనమ్మ కుర్చీలోంచి లేచి నిలబడి అజమాయిషీ చేసింది. ఒకడు కుట్టుమిషన్ ఎత్తుకుని అడ్డంగా గీత దాటబోతే ఆపింది.

"గోడలోంచి పోతావేం నాయనా? తలుపు అటుంది."

వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, సుద్దతో గీసిన తలుపులోంచే ప్రతి వస్తువూ బయటికి తెచ్చారు. కొత్త పరుపు, అర, రేడియో, పేము కుర్చీ, పోస్టుమాస్టరు పెట్టి వెళ్ళిన పేపరు, బ్యాంకమ్మాయి పెట్టె. ఆఖరున పాత పరుపు దగ్గర ఆగి ఒకడు తల గోక్కున్నాడు. "ఈ అమ్మాయి కూడా గీత లోపలే ఉందమ్మా."

"పాపం అలిసిపోయింది. తర్వాత వస్తుందిలే" అంది నాయనమ్మ.

పటాలాయన, చిట్టి, డ్యూటీ దిగిన భార్య ముగ్గురూ ఒకేసారి గుమ్మం ఎక్కారు. హాలు బోసిగా ఉంది. నేలంతా గీతలు. నడుమ ఎవరో తెలియని అమ్మాయి హాయిగా నిద్రపోతోంది.

"ఎవరీ పిల్ల?" అంది భార్య.

"చిట్టి రూమ్మేటు."

"నా మిషనేది?"

పటాలాయన పడగ్గది గుమ్మం వైపు చూశాడు. చిట్టి పెట్టెలు రెండూ ఉన్నచోటే ఉన్నాయి. ఈలోగా ఆ అమ్మాయి లేచి కూర్చుని, తలదగ్గర తడుముకుని, "నా పెట్టె?" అంది. మెయిన్ బ్రాంచి అంటే ఏమిటో, పోస్టుమాస్టరు ఎవరికేం చెప్పాడో రెండు నిమిషాల్లో తేలిపోయింది. బ్యాంకమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నా ఆర్డరు కాగితం అందులోనే ఉందండీ. సోమవారం అది చూపించకపోతే చేర్చుకోరు."

వ్యాను వాళ్ళు ఫోన్లో మర్యాదగానే చెప్పారు. వెనక్కి తిరగడం కుదరదు, సాయంత్రానికి హాస్టల్లో దింపేస్తారు. మరుసటి బస్సుకే బయలుదేరాలని తేలింది. భార్య తను ఇల్లు చూసుకుంటూ ఉండిపోతానంది. చూసుకోవడానికి ఇంట్లో ఏం మిగిలిందని అత్తగారు అడిగేసరికి ఆవిడా చెప్పులేసుకుంది. కుర్చీ లేని ఇంట్లో తానెక్కడ కూర్చోవాలంటూ నాయనమ్మ అందరికంటే ముందు రోడ్డెక్కింది. పెట్టెలు ఎవరు తెస్తున్నారన్నది ఎవరూ ఎవరినీ అడగలేదు.

బస్సులో మూడు గంటల ప్రయాణం. చిట్టి తండ్రి పక్కన కిటికీ వైపు కూర్చుంది. ఊరు దాటాక పొలాలు, దూరంగా ఏదో కాలువ ఎండలో వెండితీగలా వంపులు తిరుగుతూ వెంట వచ్చాయి.

"నాన్నా, నన్ను పంపించెయ్యడానికి అంత తొందరేంటి నీకు? పొద్దున్నే గది కూడా గీసేసుకున్నావు."

పటాలాయన కాలువ వైపు చూస్తూ అన్నాడు. "పంపడానికి కాదే. హాల్లో గీసుకుంటే, నువ్వు ఆ గదిలోకి వెళ్ళినా ఇంట్లోనే ఉన్నట్టుంటుందని."

కాసేపటికి చిట్టి తల ఆయన భుజం మీద వాలింది. ఆయన కదలకుండా కూర్చున్నాడు. అంత బరువు ఏ కొలతలోకీ రాదని ఆయనకు తోచింది. ఆ చెయ్యి తిమ్మిరెక్కినా హాస్టలు వచ్చేదాకా అలాగే ఉంచాడు.

హాస్టలు వార్డెన్ పొడుగాటి మనిషి. చేతిలో రిజిస్టరు, ముక్కు చివర కళ్ళజోడు. గది తలుపు తీసి చూపించింది. గోడలున్నాయి. వ్యాను వాళ్ళు అన్నిటినీ పొద్దున ఉన్నచోట ఉన్నట్టే పెట్టి వెళ్ళారు. "ఒకమ్మాయి వస్తుందనుకుంటే కాపురమే దిగిందేమిటండీ?" అంది వార్డెన్. బ్యాంకమ్మాయి తన పెట్టె మీద పడి, కాగితం బయటికి తీసి, గుండెకు హత్తుకుంది. తర్వాత సిగ్గుపడుతూ చిట్టి తల్లిని అడిగింది. "మీ ఇంట్లో గోడలున్న గది ఏదైనా ఖాళీ ఉందాండీ?"

"రేపట్నుంచి చిట్టిది ఖాళీయే" అంది ఆవిడ. అన్నాక ఆవిడ చిట్టి వైపు చూడకుండా కొత్త పరుపు మీద ముడతలు సర్దింది.

వార్డెన్ చిట్టి వైపు తిరిగి చెయ్యి చాచింది. "సర్టిఫికెట్లు?"

ఇంట్లోవాళ్ళు నలుగురూ ఒకరి చేతుల వైపు ఒకరు చూసుకున్నారు. ఒక చేతిలో బకెట్టు, ఇంకో చేతిలో దీపం ఉన్నాయి. సర్టిఫికెట్లు పెట్టెల్లో ఉన్నాయి. పెట్టెలు పడగ్గది గుమ్మంలో ఉన్నాయి.

"ఒరిజినల్స్ చూడకుండా అమ్మాయిని చేర్చుకోను" అంది వార్డెన్. "సామాను దిగిన గదిలో మనిషి లేకపోతే ఆ గది వెయిటింగ్ లిస్టులో వాళ్ళకి ఇచ్చేస్తాను. రెండూ రూల్సే. రాత్రికి ఎవరో ఒకరు ఉండాలి."

ఆరింటికి వెనక్కి బస్సుంది. చిట్టి వెళ్ళి కాగితాలు తెచ్చుకోవాలి. ఎవరుండాలని పటాలాయన తల పట్టుకున్నాడు. తలెత్తి చూసేసరికి నాయనమ్మ పేము కుర్చీలో కూర్చుని రేడియో పెట్టుకుంది. అప్పటికే పక్కగదుల కొత్తపిల్లలు నలుగురు చుట్టూ చేరారు. ఒకమ్మాయి చిరిగిన చొక్కా అంచు మిషను మీద కుట్టుకుంటోంది. ఇంకొకమ్మాయి పొద్దుటినుంచి ఏడ్చిన కళ్ళు తుడుచుకుని ఆవిడ చెప్పేది వింటోంది.

"మీరు వెళ్ళి రండి నాయనా" అంది నాయనమ్మ. "తొందరేం లేదు."

అలా హాస్టల్లో చేరవలసిన చిట్టి ఆ రాత్రి తండ్రి పక్కన కూర్చుని ఇంటికి తిరిగొచ్చింది. వార్డెన్ రిజిస్టరు తెరిచి, నాయనమ్మ వయసు డెబ్బై నాలుగు అని వేసి, ఖాళీ వదలడం రూలు కాదు గనుక పక్క గడిలో మొదటి సంవత్సరం అని రాసుకుంది.