చేదు చాయ్ సాక్ష్యం

శనివారం పొద్దున కృపాజ్యోతి వేసుకున్న పథకం చిన్నదే. నాంపల్లి చర్చిలో ఒక సన్నివేశం నటించి, ఫోన్‌లో తీసి, పదకొండు లోపు లండన్‌లోని దర్శకుడికి పంపాలి. లండన్ నుంచి వచ్చి భర్త రూఫస్‌తో దిగిన అబిడ్స్ ఇంట్లో అది కుదరదు. ఆటోల హారన్లకు అక్కడ గోడలే ఉలిక్కిపడుతున్నాయి.

భర్తకు విషం పెట్టిన స్త్రీ పాత్ర. నేరాన్ని పోలీసుల ముందు ఇంగ్లిషులో, దేవుడి ముందు తెలుగులో ఒప్పుకోవాలి. నలభై ఆరేళ్లకు వచ్చిన మొదటి పెద్ద అవకాశం. ఇది పోతే మళ్లీ నర్సు వేషమే. లండన్ నాటకాల్లో, టీవీలో పదిహేనేళ్లుగా నర్సు వేషంలో ఆమె కట్టని కట్టు లేదు. ఇక్కడ వాళ్లమ్మ జయమణి కట్టింది మాత్రం కట్టుకథ: "మా బిడ్డ లండన్‌ల నర్సు." నాటకాలంటే సంఘం ఏమంటుందోనని భయం. అందుకే వచ్చినప్పుడల్లా స్త్రీల సమాజానికి బీపీ చూడటం కూడా కృపాజ్యోతి వేషాల్లో ఒకటైపోయింది.

ఫోన్‌ను ప్రసంగ వేదిక మీద నిలబెట్టి, బల్లల వైపు వీపు పెట్టి మోకరించింది. ఇంగ్లిషు ముగిసి తెలుగు మొదలయ్యేసరికి స్త్రీల సమాజం పెద్ద డోర్కాస్ ఆంటీ పదహారు మందితో ఉపవాస ప్రార్థనకు వచ్చింది. ముందు ఎవరైనా మోకరించి ఏడుస్తుంటే అది దేవుడి ముందు మనసు విప్పి చెప్పుకునే సాక్ష్యమే. సాక్ష్యానికి అడ్డుపడకూడదు. అందరూ చప్పుడు లేకుండా కూర్చున్నారు.

"ప్రభువా, పొద్దుగాల ఆయన చాయ్‌ల నేనే కలిపిన. నవ్వుకుంట తాగిండు. సాయంత్రం దాకా ఉండడు."

"స్తోత్రం," అని అలవాటు కొద్దీ ఎవరో గొణిగారు. డోర్కాస్ వరండాలోకి పరుగెత్తి, బేగం బజార్‌లో మసాలాలు కొంటున్న రూఫస్‌కు ఫోన్ చేసింది.

"బిడ్డా, పొద్దుగాల చాయ్ తాగినవా?"

"తాగిన ఆంటీ."

"ఎట్లుండె?"

"జర చేదుగనే ఉండె. ఏమైంది?"

"ఫికర్ చెయ్యకు. నీ భార్య విషం కలిపింది. నర్సు కదా, లెక్క తప్పదు. దవాఖానకు ఉరుకు!"

పక్కనే ఉండి విన్న మసాలాల కొట్టు గట్టయ్య మానవత్వం ఉన్న మనిషి. రెండు చెంబుల ఉప్పునీళ్లు తాగించి మరీ ఆటో ఎక్కించాడు.

చర్చిలో కృపాజ్యోతి వెనక్కి తిరిగేసరికి పదిహేడు మంది కళ్లు తుడుచుకుంటున్నారు. డోర్కాస్ ఆమెను గుండెకు హత్తుకుంది. "దేవుడు క్షమిస్తడు బిడ్డా. మేమైతే క్షమించినం."

"ఆంటీ, అది నటన!"

"నర్సుకు నటన ఏంది?"

టైము పది యాభై. మళ్లీ తీసే వ్యవధి లేదు. ఏడ్పులూ స్తోత్రాలతో సహా పంపేసి, కృపాజ్యోతి ఆ రోజు అసలు సాక్ష్యం చెప్పింది. "నేను నర్సును కాను. నటిని."

హత్యను క్షమించిన సమాజం దీనికి నోరు తెరిచింది. "మరి పోయినేడు నా బీపీ నూటముప్పై అన్నవు?" అంది డోర్కాస్. "ప్రతి శనివారం నీ నర్సు ఉద్యోగం నిలబడాలని మోకాళ్లు అరగంగ ప్రార్థన చేసినం గదనే!"

"అందుకేనా ఆంటీ, పదిహేనేండ్లు నాకు వేరే వేషం రాలే!"

మధ్యాహ్నానికి, ఆ గొడవ ఇంకా తేలకముందే, రూఫస్ గోడ పట్టుకుంటూ వచ్చాడు. డాక్టరుకు అతని కడుపులో ఉప్పు తప్ప ఏమీ దొరకలేదు. చేదు మెంతులదట. అతని షుగరుకని కృపాజ్యోతే వేసింది.

మూడో రోజు లండన్ నుంచి జవాబొచ్చింది. భాష తెలియకపోయినా తెలుగు భాగమే వాళ్లను ఏడిపించిందట. వేషం ఆమెదే. కృపాజ్యోతి ఆ జవాబును రెండుసార్లు బిగ్గరగా చదివి రూఫస్‌కు వినిపించింది.

రూఫస్ కూడా సంతోషించాడు. చాయ్ మాత్రం అప్పటి నుంచి తనే పెట్టుకుంటున్నాడు.