సుకుమారికి మెత్త

ఆ ఉదయం మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. జీను కింద ఎడమవైపు ఒక పలచని మెత్త పెట్టాలి, సుకుమారిని మైదానం చుట్టూ నెమ్మదిగా తిప్పాలి, ఇంటికెళ్లి టిఫిను చేయాలి. అంతే.

సుకుమారి రైడింగ్ స్కూల్లోని ఆడగుర్రం. జీను కాస్త పక్కకి జరిగితే చాలు, చెవులు వెనక్కి పెట్టి నడుం ఎగరేసేది. మరీ నాజూకు ఒళ్లని మాస్టారు శిష్యులెవరినీ దాని దగ్గరికి రానిచ్చేవారు కాదు. తానొక్కరే ఎక్కేవారు, తానొక్కరే పడేవారు. చూసి చూసి విసిగిపోయిన స్కూలు యజమాని, మధ్యాహ్నం తాను వచ్చేసరికి అది బుద్ధిగా ఒక చుట్టు తిరగకపోతే వ్యాను ఎక్కించి పంపించేస్తానని తేల్చి చెప్పాడు. మాస్టారు ససేమిరా అన్నారు. పాలు మరవని వయసులో వచ్చిన దాన్ని ఆయనే చేతులారా పెంచారు మరి.

"దాన్ని ఎక్కడికీ పంపనివ్వను. లోపం గుర్రంలో లేదు," అని భార్యకు మాటిచ్చి బయల్దేరారు.

జీను ఎప్పుడూ ఎడమకే ఒరుగుతోంది కాబట్టి, వీపు అటువైపు పల్లంగా ఉందని ఆయన లెక్క. పలచని మెత్త పెట్టి ఎక్కారు. ఒరిగింది, పడ్డారు. ఒళ్లు దులుపుకుని ఇంటికి పరుగెత్తి, సోఫాలో తాను కూర్చునే మెత్త లాక్కొచ్చి దూర్చారు. ఇప్పుడు ఎడమ మరీ ఎత్తయిందని సుకుమారి కాలు విదిలించింది. సమం చేయడానికి కుడివైపుకి అత్తగారి మోకాళ్ల దిండు వచ్చింది. అప్పుడు ముందువైపు దిగినట్టనిపించి సోఫాలో మిగిలిన మెత్తలూ వచ్చాయి. ఇవన్నీ జారకుండా కట్టడానికి భార్య శాలువా వచ్చింది. చివరికి జీను ఎంత ఎత్తుకు లేచిందంటే, మాస్టారు నిచ్చెన వేసుకుని ఎక్కాల్సి వచ్చింది. ఎక్కారు. గుర్రం కదలకుండా నిలబడే ఉంది. మాస్టారు మాత్రం సరంజామాతో సహా ఎడమవైపుకి జారి కిందికొచ్చారు. కింద మెత్తలున్నాయి కాబట్టి ఈసారి దెబ్బ తగల్లేదు.

సరిగ్గా అప్పుడే ఒక గేటులోంచి యజమాని వ్యానుతో వచ్చాడు, రెండో గేటులోంచి మాస్టారి భార్య వచ్చింది. వాళ్లమ్మ అలవాటు కొద్దీ సోఫాలో కూర్చోబోయి చెక్కల మధ్య ఇరుక్కుపోయిందట. పక్కింటివాళ్లు వచ్చి లాగాల్సి వచ్చిందట. భార్య మెత్తలు ఏరుకుంటూ, ఒకదాన్ని పట్టుకుని ఆగిపోయింది.

"ఏమండీ, ఇది మీరు కూర్చునేది కదూ? ఎడమ పక్కే ఇంత గుంట పడిందేం?"

"నాసిరకం స్పాంజి," అన్నారు మాస్టారు.

"పెళ్లయ్యాక ఎన్నిసార్లు మార్చలేదు! అన్నీ ఇలాగే అణిగాయి."

యజమాని దగ్గొచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు. ఆవిడ మెత్తలన్నీ పక్కన పడేసి, ఎప్పుడూ వేసే ఒక్క దుప్పటి మీద జీను బిగించింది. కొత్తగా పెళ్లయినప్పుడు మాస్టారే నేర్పిన విద్య అది. చీర మార్చుకునే ఓపిక లేక కొంగు బిగించి ఎక్కేసింది. సుకుమారి చెవులు ముందుకు పెట్టి, పెళ్లికి బయల్దేరినట్టు హాయిగా మైదానం చుట్టొచ్చింది. జీను వెంట్రుకవాసి కూడా జరగలేదు.

మాస్టారికి ముందు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ తర్వాతే సిగ్గు ముంచుకొచ్చింది.

"మీరన్నది నిజమే మాస్టారూ," అన్నాడు యజమాని, వ్యాను వెనక్కి తిప్పమని చెయ్యి ఊపుతూ. "లోపం గుర్రంలో లేదు."

అంతమాత్రాన మాస్టారు పట్టు వదిలే మనిషి కాదు. సుకుమారి మీద తానూ స్వారీ చేసి తీరాలన్నారు. ఆ సాయంత్రం భార్య ఆ పలచని మెత్తను ఆయన ప్యాంటు లోపల ఎడమవైపు కుట్టిపెట్టింది. మర్నాడు గుర్రం కిమ్మనకుండా ఆయన్ని మోసింది.

ఇప్పుడు మాస్టారు జీను మీద నిటారుగానే కూర్చుంటారు. నేల మీద నడిచేటప్పుడే ఒక పక్క కాస్త ఒళ్లు చేసినట్టు కనిపిస్తారు.