చదువు రాకూడని వంద రోజులు

"వంద రోజుల తర్వాత ఈ ఏరియాలో చదవడం రాని బిడ్డ ఒక్కరు మిగిలినా నేను గుండు గీయించుకుంటా!" అని చిన్నారి పునర్వికాస మిషన్ చైర్మన్ భానుప్రకాశ్ గారు మేడ్చల్ ఫంక్షన్ హాల్లో ప్రకటించారు. హాలు చప్పట్లతో దద్దరిల్లింది. ఆయనకు అప్పటికే తల మీద వెంట్రుక లేదు. అయినా ఇంత పెద్ద త్యాగానికి సిద్ధపడటం చూసి నాకు ఒళ్ళు జలదరించింది.

ఆయన వెనక కట్టిన నలభై అడుగుల ఫ్లెక్సీ నేను వేసిందే. శామీర్‌పేట మెయిన్ రోడ్డు మీద ఇస్తారి డిజిటల్స్ నాది. ఫ్లెక్సీలో మాత్రం చైర్మన్ గారికి ఒత్తైన క్రాఫు ఉంది. నాయకుడిని ప్రజలు ఎట్లా గుర్తుపెట్టుకోవాలో నిర్ణయించే బాధ్యత మా వృత్తిలో ఉన్నవాళ్ళది.

సంగతి ఏమిటంటే, కరోనా కాలంలో పిల్లలు రెండు తరగతులు ఫోన్‌లోనే పాసయ్యారు. ఫోన్ లేని పిల్లలు ఫోన్ లేకుండానే పాసయ్యారు. అట్లా మూడో తరగతికి వచ్చిన పిల్లల్లో చాలామందికి అక్షరాలు రావని బడులు తెరిచాక తెలిసింది. దీన్ని లెర్నింగ్ లాస్ అంటారని, పిల్లలు దిగులుగా ఉంటే దాన్ని వెల్‌బీయింగ్ అంటారని చైర్మన్ గారు పొద్దున తెలుసుకొని మధ్యాహ్నానికల్లా మా అందరికీ బోధించారు. అంత వేగంగా నేర్చుకునే మనిషిని మిషన్‌కు పెట్టిన పార్టీని మెచ్చుకోవాలి.

మొదటి అడుగుగా ఒక ఆదర్శ బడిని ఎంచుకోవాలి. జవహర్‌నగర్ వైపు ఒకటి అనుకున్నారు గానీ, డంపింగ్ యార్డు గాలికి చైర్మన్ గారి వెల్‌బీయింగ్ దెబ్బతింటుందని మానుకున్నారు. చివరికి నా షాపు ఎదురుగా ఉన్న చిన్న సర్కారు బడి ఎంపికైంది. దాని గేటు ముందు పది కార్లు హాయిగా మలుపుకోవచ్చు.

ఆ బడిలో రోజారాణి టీచర్ అని ఒకామె ఉంది. ఈమెతోనే చిక్కంతా వచ్చింది. బడులు తెరిచిన వారంలో నా షాపుకు వచ్చి, "ఇస్తారన్నా, పాత ఫ్లెక్సీలు ఉంటే ఇయ్యరాదే, పిల్లల కింద పరుస్త. నేల మస్తు సల్లగుంటుంది" అని అడిగింది. చింపి పారేసేవే కదా అని ఓ కట్ట ఇచ్చాను. పిల్లలు వాటి మీద కూర్చున్నారు. కూర్చున్న చోట రాసి ఉన్నది ఏమిటని అడగడం మొదలుపెట్టారు. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. మన ఫ్లెక్సీల సాహిత్యం తెలుసు కదా, ఆ మూడో తరగతి పిల్లలకు 'పలక' రాకముందే 'జన్మదిన శుభాకాంక్షలు' వచ్చేసింది.

అందులో భవాని అని ఒక పిల్ల. చెరువు దగ్గర చేపలమ్మే శంకరమ్మ మనవరాలు. తల్లి సెకండ్ వేవ్‌లో పోయింది. అప్పటి నుంచి ఈ పిల్ల ఎవరితోనూ మాట్లాడలేదు. బడికి వచ్చేది, గోడకు ఆనుకొని కూర్చునేది, పోయేది. టీచర్ రోజూ పక్కనే కూర్చొని అక్షరాల మీద వేలు పెట్టి చూపించేది. అయిదు నెలలు అట్లా కూర్చుంది. ఒకరోజు భవాని తను కూర్చున్న ఫ్లెక్సీ మీద ఒక నాయకుడి గడ్డం కింద వేలు పెట్టి, "ప్రి...య...త...మ" అని చదివింది. రోజారాణి టీచర్ రోడ్డు దాటి నా షాపుకు ఉరికొచ్చి కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది. నేను వేసిన ఫ్లెక్సీని నిజంగా చదివిన మొదటి మనిషి ఈ పిల్లే అని నాకూ గొప్ప సంతోషమైంది. ఆ తర్వాత భవాని బస్సు బోర్డులు, కిరాణా కొట్టు బోర్డులు, ఏది కనబడితే అది గట్టిగా చదవడం మొదలుపెట్టింది. చదవడంతోనే మాటా వచ్చింది.

ఇదంతా మిషన్ రాకముందు జరిగిన అక్రమం.

మిషన్ కోఆర్డినేటర్ ఫణిభూషణ్ గారు ట్యాబ్ పట్టుకొని బేస్‌లైన్‌కు వచ్చారు. బ్యానర్ కట్టడానికి నేనూ అక్కడే ఉన్నాను.

"బేస్‌లైన్ అంటే ఏంది సార్?" అని అడిగాను.

"ముందుగాల పిల్లలకు ఎంత రాదో కొలుస్తం. వంద రోజులైనంక ఎంత వచ్చిందో కొలుస్తం. నడుమ తేడా ఉంటది చూడు, అదే మా మిషన్" అన్నారాయన. ఇంత విడమరచి చెప్పే అధికారిని నేను చూడలేదు.

పిల్లలను ఒక్కొక్కరినే పిలిచి చదివించారు. ముప్పై ఒక్క మందిలో ఇరవై ఇద్దరు చదివేశారు. ఫణిభూషణ్ గారి ముఖం పాలిపోయింది. మంచినీళ్ళు తాగి రోజారాణి టీచర్‌ను పిలిచారు.

"టీచర్, వీళ్ళకు ఎట్ల వచ్చింది?"

"నేర్పిన సార్."

"ఎవరు నేర్పుమన్నరు?"

"ఎవ్వరు అనలే. టీచర్‌ను గద సార్."

"టీచర్ అయితే? బేస్‌లైన్ కాకముందే నేర్పుడేంది? చైర్మన్ గారు పది శాతం నుంచి తొంభై శాతానికి తీసుకుపోతమని పైకి రాసిచ్చిన్రు. మీరు ఇప్పుడే డెబ్బై మీద కూసోబెట్టిన్రు. ఇగ ఆయన ఎక్కడికెల్లి ఎక్కాలె?"

టీచర్‌కు మర్నాడే మెమో వచ్చింది. 'పథకం ప్రారంభం కాకమునుపే, తగు అనుమతి లేకుండా ఫలితాలు సాధించినందుకు మీపై చర్య ఎందుకు తీసుకోరాదో మూడు రోజుల్లోగా తెలుపగలరు.' నేల మీది ఫ్లెక్సీలను అనధికార బోధనా సామగ్రి కింద స్వాధీనం చేసుకున్నారు. పంచనామాలో సాక్షిగా సంతకం పెట్టే గౌరవం నాకు దక్కింది.

ఫణిభూషణ్ గారు మాత్రం అధైర్యపడే మనిషి కాదు. మూడో రోజు బేస్‌లైన్ మళ్ళీ పెట్టారు. ఈసారి చాక్లెట్ల డబ్బా తెచ్చారు. "రాదు సార్" అన్న బిడ్డకు ఒక చాక్లెట్. మిషన్ బోధనా పద్ధతి ఎంత శక్తివంతమైందో నేను కళ్ళారా చూశాను. టీచర్ ఏడాదిపాటు నేర్పిందంతా పిల్లలు పది నిమిషాల్లో వదిలేశారు.

భవాని ఒక్కతే చాక్లెట్ తీసుకోలేదు. కాగితం తీసుకొని గడగడా చదివేసింది.

"ఎవలీ పాప?" అన్నారాయన.

రోజారాణి టీచర్ చేతులు జోడించి పిల్ల కథంతా చెప్పింది. తల్లి పోవడం, మాట పడిపోవడం, చదువుతోనే నోరు తెరవడం. "ఈమెను ఆపకుండ్రి సార్, మల్ల బందైతది" అంది. ఫణిభూషణ్ గారి కళ్ళు చెమ్మగిల్లాయి.

"ఎంత టచింగ్ స్టోరీ! లెర్నింగ్ లాస్, వెల్‌బీయింగ్ రెండూ ఒక్క పాపలోనే దొరికినయ్. మన పోస్టర్‌కు ఈమెనే ఖాయం."

ఆయన మోకాళ్ళ మీద కూర్చొని భవాని తల నిమిరి చాలా ప్రేమగా చెప్పారు. "చూడు బేటా, నీకు చదువ రాదు. ఎవరడిగినా గదే చెప్పాలె. టీచర్ ఏం నేర్పలే అనాలె. నువ్వు చదివినవనుకో, మీ టీచర్ నౌకరి పోతది. టీచర్‌ను పంపించేస్తరు. సరేనా?"

భవాని టీచర్ వైపు చూసింది. కాగితం తిరిగి ఇచ్చేసింది. వెంటనే ఫోటో తీశారు. ఆ దిగులు అంత సహజంగా వచ్చిందంటే నేను కంప్యూటర్‌లో దిద్దాల్సిన పనే పడలేదు.

పైకి రాసిచ్చినట్టే బేస్‌లైన్ పది శాతంగా నమోదైంది. ఫ్లెక్సీలు రోడ్డంతా వెలిశాయి. నెల తర్వాత శంకరమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకొని నా షాపు ముందు ఆగింది.

"ఏం ఇస్తారీ, గా స్తంభం మీద ఉన్నది మా భవానే గద? కింద ఏం రాసినవ్?"

"'మాట రాదు, చదువు రాదు' అని అవ్వా."

"గదేంది? దానికి సదువొస్తది గదరా! మొన్నటిదాంక బస్సు బోర్డులు సదివి నాకు జెప్పేది."

"సర్కారు ఫ్లెక్సీ అవ్వా. తప్పుండదు."

ముసలామె గంప దించి మెట్టు మీద కూర్చుంది. "మల్ల మాట్లాడుత లేదు కొడుకా. ఇంట్ల గూడ. దాని తల్లి పోయినప్పుడు ఎట్లుండెనో గట్లనే అయింది. ఏందే బిడ్డా అని అడిగితే నోటి మీద చెయ్యి పెట్టుకుంటది. ఏం జేసిన్రు దాన్ని మీరు?"

నాకు నిజంగానే సిగ్గేసింది. ఆమె కళ్ళలోకి చూడలేకపోయాను. కానీ ఏం చేయను, రెండో విడత ఫ్లెక్సీలు అప్పటికే ప్రింటింగ్ మిషన్ మీదికి ఎక్కాయి.

"టీచర్‌కన్న జెప్పుదమంటే ఆమెనే లేకపాయె" అని శంకరమ్మ గంప ఎత్తుకొని వెళ్ళిపోయింది.

నిజమే, టీచర్ లేదు. ఆమెను కొంపల్లిలో ఏసీ హాల్లో శిక్షణకు పంపారు. అంశం: 'పిల్లల పక్కన కూర్చొని మాట్లాడటం ఎలా?' పిల్లల పక్కన కూర్చున్న టీచర్లందరినీ లేపి తీసుకుపోయి ఎనభై రోజులు నేర్పించారు. బడికి ఆనంద కిట్లు కూడా వచ్చాయి. బంతులు, బొమ్మల పుస్తకాలు. పిల్లలు ముడితే పాడవుతాయని ఫణిభూషణ్ గారు బీరువాలో పెట్టి తాళం వేయించారు. పిల్లలు ఆ బీరువాను చూస్తూ వంద రోజులు క్రమశిక్షణతో కూర్చున్నారు.

నూరో రోజు వచ్చింది. బడి ముందు షామియానా, బ్యాండు, నాలుగు ఛానెళ్ళు. పిల్లలకు కొత్త టోపీలు. రోజారాణి టీచర్ ఆ పొద్దున్నే శిక్షణ నుంచి సర్టిఫికెట్‌తో తిరిగివచ్చి చివరి వరుసలో కూర్చుంది. పిల్లల దగ్గరికి పోబోతే, ప్రోటోకాల్ ఒప్పుకోదని వాలంటీర్లు కూర్చోబెట్టారు. శంకరమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ తాడు అవతల నిలబడింది.

ఫణిభూషణ్ గారు నివేదిక చదివారు. పది శాతం నుంచి తొంభై ఆరు శాతం. పరీక్ష ఎప్పుడు పెట్టారని ఎవరూ అడగలేదు, అడిగి శుభకార్యాన్ని ఎవరు పాడుచేస్తారు?

"ఇప్పుడు మీ అందరికీ తెలిసిన చిన్నారి!" అని చైర్మన్ గారు భవానిని స్టేజీ మీదికి రప్పించారు. పక్కన కుర్చీ వేసి, కుర్చీ మీద నిలబెట్టి, చేతిలో కొత్త పుస్తకం పెట్టారు. నాలుగు ముక్కల పెద్దక్షరాల పాఠం. నేను ముందు వరుసలోనే ఉన్నాను. ఆ పిల్ల కళ్ళు ఎడమ నుంచి కుడికి, మళ్ళీ ఎడమ నుంచి కుడికి కదిలాయి. పేజీ చివరిదాకా కదిలాయి. పెదవులు మాత్రం కదల్లేదు.

"చదువు తల్లీ" అన్నారు చైర్మన్ గారు.

భవాని పుస్తకం మూసేసింది.

"చదువు బేటా, అందరు చూస్తున్నరు" అన్నారు ఫణిభూషణ్ గారు, నవ్వు చెదరకుండా.

భవాని తల ఎత్తింది. మైకులో సన్నగా వినబడింది.

"నాకు సదువ రాదు. మా టీచర్ నాకేం నేర్పలే."

చివరి వరుసలో రోజారాణి టీచర్ లేచి నిలబడి, రెండు చేతులతో నోరు మూసుకుంది. నాయకత్వం అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. చైర్మన్ గారు ఆ పిల్లను అమాంతం పైకెత్తారు.

"మాట్లాడింది! వంద రోజుల కింద నోరు తెరవని బిడ్డ ఇయ్యాల ఇంతమందిలో మైకు పట్టుకొని మాట్లాడింది! ఇదీ మన మిషన్!"

చప్పట్లు మోగాయి. బ్యాండు అందుకుంది. నేనూ కొట్టాను. ఫణిభూషణ్ గారు ట్యాబ్‌లో టకటకా నొక్కారు. పూర్తి వాక్యాలు: రెండు. ఆత్మవిశ్వాసం: అత్యుత్తమం.

ఇంతలో వెనక నుంచి ఒక ఛానెల్ అబ్బాయి చెయ్యెత్తాడు. "సార్, మా కెమెరా ఆన్ కాలే. పాపతోని ఇంకోసారి చెప్పియ్యుండ్రి."

బ్యాండు ఆపించారు. భవానిని మళ్ళీ కుర్చీ మీద నిలబెట్టారు. ఆ పిల్ల చివరి వరుసలో నిలబడ్డ టీచర్ వైపు చూసింది. మైకు రెండు చేతులతో దగ్గరికి లాక్కొని, మొదటిసారి కంటే గట్టిగా, అవే రెండు వాక్యాలు ఒక్క మాట కూడా తడబడకుండా చెప్పింది.